ఉప్పు తీశాక మిగిలే నీటిలో ఇంకా ఏముంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నౌపడ, చినగంజాం, ఇసకపల్లి వైపు ఉప్పు పండించేవారు, రసాయన శాస్త్రం చదువుతున్న విద్యార్థులు, ఫార్మా కర్మాగారాల్లో వ్యర్థజలాల విభాగం చూసే ఇంజనీర్లు దాదాపు ఒకే సందేహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట ఉంచితే మేలనిపించింది. ఏ ప్రశ్న తెరిచినా జవాబు అక్కడికక్కడే పూర్తయ్యేలా రాశాను కాబట్టి ఒకటి రెండు సంగతులు రెండు చోట్ల కనిపిస్తాయి.

## మొదటి సందేహాలు

ఉప్పు ఎత్తేశాక మడిలో మిగిలేది వ్యర్థమే కదా, అందులో ఏముంటుంది?

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. క్లోరైడు 19 గ్రాములు, సోడియం దాదాపు 11, సల్ఫేటు 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం, పొటాషియం చెరి 0.4, బ్రోమైడు 65 మిల్లీగ్రాముల చుట్టూ. ఎండకు నీరు ఇగిరేకొద్దీ ముందు సున్నపు లవణాలు, తర్వాత జిప్సం, ఆ తర్వాత ఉప్పు గడ్డకడతాయి. మెగ్నీషియం, పొటాషియం, బ్రోమైడు మాత్రం చివరిదాకా నీటినే అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే ఉప్పు ఎత్తాక మిగిలే ఆ చేదు నీరు వేళ్లకు జిడ్డుగా తగులుతుంది. పరిశ్రమలో దీన్ని బిట్టర్న్ అంటారు. లీటరుకు మెగ్నీషియం 40 నుంచి 60 గ్రాములు, పొటాషియం 10 నుంచి 20 గ్రాములు, బ్రోమైడు 2 గ్రాముల వరకు ఉండవచ్చు. టన్ను ఉప్పు తీస్తే సుమారు ఒక ఘనపు మీటరు చేదు నీరు మిగులుతుంది. ఏటా దీన్ని కాలువల్లోకి వదిలేయడం చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఉప్పునీటి వ్యర్థాలన్నీ ఒకటే రకమా?

కానే కావు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ఆర్‌ఓ కర్మాగారం వదిలేది పలుచని నీరు. దానిలో లవణాలు సముద్రపు నీటికన్నా రెట్టింపు కూడా ఉండవు. ఉప్పు మళ్ల చేదు నీరు చాలా చిక్కన, పైగా సోడియం చాలావరకు ముందే పోయి ఉంటుంది. ఆ పని ఎండ ఉచితంగా చేసిపెట్టింది. ఫార్మా వ్యర్థజలాల్లో ఎక్కువగా సోడియం క్లోరైడు, సోడియం సల్ఫేటు, వాటితోపాటు సేంద్రియ రసాయనాలు ఉంటాయి. అద్దకం యూనిట్ల నీటిలో ఉప్పు లేదా సోడియం సల్ఫేటుకు రంగు తోడవుతుంది. చమురు, గ్యాస్ బావుల నుంచి పైకి వచ్చే ఉప్పునీటి తీరు బావిని బట్టి మారిపోతుంది. ఒకదానికి పనికొచ్చిన పద్ధతిని ఇంకొకదానికి అతికిస్తే డబ్బు పోతుంది.

సముద్రపు నీటిలో లిథియం ఉందట. చేదు నీటి నుంచి బ్యాటరీలకు లిథియం తీయలేమా?

లీటరు సముద్రపు నీటిలో లిథియం 0.17 మిల్లీగ్రాములు. చిలీలోని అటకామా ఉప్పు మైదానం కింది నీటిలో లీటరుకు గ్రాముకు పైగా ఉంటుంది. తేడా వేల రెట్లు. అక్కడ కూడా ఏడాదికి పైగా చెరువుల్లో ఎండబెట్టాకే లిథియం చేతికి వస్తుంది.

రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరు చేసే ఆర్‌ఓ కర్మాగారం సుమారు 25 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని లోపలికి తీసుకుంటుంది. చెన్నై దగ్గర మీంజూరు, నెమ్మేలిలో ఈ స్థాయి కర్మాగారాలున్నాయి. ఆ నీటిలో మెగ్నీషియం 325 టన్నులు, పొటాషియం 100 టన్నులు, బ్రోమైడు 16 టన్నుల పైన ఉంటే, లిథియం మొత్తం కలిపి 43 కిలోలు. దాన్ని పట్టాలంటే వందల టన్నుల మెగ్నీషియాన్ని పక్కకు నెట్టాలి. లిథియం, మెగ్నీషియం నీటిలో ప్రవర్తించే తీరు దగ్గరగా ఉండటంతో అది మరీ కష్టం. సముద్రపు ఉప్పు మళ్ల పేరు చెప్పి లిథియంలో పెట్టుబడి పెట్టమని ఎవరైనా అడిగితే ఈ లెక్క ముందు పెట్టండి.

ఇంతకుముందు ఎవరైనా ఇలా ఖనిజాలు తీసి నిలదొక్కుకున్నారా?

బ్రోమిన్ అనే మూలకం లోకానికి తెలిసిందే చేదు నీటి నుంచి. 1826లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో బలార్ అనే యువ రసాయన శాస్త్రవేత్త ఉప్పు మళ్ల నీటిలోకి క్లోరిన్ పంపి, విడిపడిన ఎర్రని ద్రవాన్ని గుర్తించాడు. అమెరికాలోని మిడ్‌లాండ్‌లో హెర్బర్ట్ డౌ 1891లో భూగర్భ ఉప్పునీటి నుంచి బ్రోమిన్ తీయడం మొదలుపెట్టాడు. డౌ కంపెనీ 1941లో టెక్సస్‌లోని ఫ్రీపోర్ట్‌లో సముద్రపు నీటి నుంచి ఏకంగా మెగ్నీషియం లోహమే తీసింది. మృతసముద్రం రెండు ఒడ్డుల్లోనూ, ఇజ్రాయెల్ వైపునా జోర్డాన్ వైపునా, పొటాష్, బ్రోమిన్ పెద్ద పరిశ్రమలు. జపాన్‌లోని చిబాలో సహజవాయువుతోపాటు పైకి వచ్చే ఉప్పునీటి నుంచి అయోడిన్ తీస్తారు. చిలీ తర్వాత ప్రపంచానికి అయోడిన్ ఎక్కువగా ఇచ్చేది జపానే.

మన దేశంలో ఈ పనికి కేంద్రం గుజరాత్. మిఠాపూర్‌లో, కచ్ రణ్‌లో, ఖారాఘోడాలో బ్రోమిన్, మెగ్నీషియం క్లోరైడు చాలాకాలంగా తీస్తున్నారు. కచ్‌లోని హాజీపీర్‌లో పొటాషియం సల్ఫేటు ప్లాంటు కూడా పెట్టారు. భావ్‌నగర్‌లో 1954 నుంచి పనిచేస్తున్న కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఈ విద్యలో దేశానికి పెద్దదిక్కు.

## నీటి గుణం తెలుసుకోవడం

మా మళ్ల నీరు ఏ దశలో ఉందో ఖర్చు లేకుండా ఎలా చూడాలి?

ఉప్పు రైతులకు అలవాటైన, నీటి చిక్కదనాన్ని డిగ్రీల్లో చూపే బామే మీటరు చాలు. సముద్రపు నీరు 3 నుంచి 3.5 డిగ్రీలు చూపిస్తుంది. 13 డిగ్రీల దగ్గర జిప్సం పడటం మొదలవుతుంది. 25 దాటాక ఉప్పు పడుతుంది. 29, 30 వచ్చేసరికి మంచి ఉప్పు కాలం ముగిసి చేదు నీటి దశ మొదలవుతుంది. అప్పుడు లీటరు నీరు కిలోంబావు తూగుతుంది. మీటరు ముంచే ముందు మడి నీటిని కలపాలి. వాన జల్లు పడిన మర్నాడు పైన పలుచని నీరు, కింద చిక్కని నీరు విడివిడిగా నిలబడి ఉంటాయి కాబట్టి పై నీటిలో ముంచితే తప్పుడు అంకె వస్తుంది.

ల్యాబుకు ఏ పరీక్షలు చేయమని అడగాలి? టీడీఎస్ చాలదా?

టీడీఎస్, అంటే నీటిలో కరిగినవాటి మొత్తం, ఒక్కటీ ఏమీ చెప్పదు. సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, క్లోరైడు, సల్ఫేటు, బ్రోమైడు విడివిడిగా కావాలి. మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడు) చేయాలనుకుంటే బోరాన్ కూడా చూడాలి. ఫార్మా నీరైతే సేంద్రియ కర్బనం, అమ్మోనియా తప్పనిసరి. రిపోర్టు రాగానే ధనావేశం మొత్తం, రుణావేశం మొత్తం సరిపోతున్నాయేమో లెక్క వేయండి. అయిదు శాతానికి మించి తేడా ఉంటే పరీక్ష మళ్లీ చేయించాల్సిందే.

ల్యాబు కన్నా నమూనా తీయడంలోనే తప్పులు ఎక్కువ. సాయంత్రం మడి మూలన నింపిన సీసా తెల్లవారేసరికి చల్లబడి, అడుగున సూది మొనల్లాంటి తెల్లని స్ఫటికాలు పేరుకుంటాయి. పైనున్న తేటను మాత్రమే పిపెట్టుతో తీసి పరీక్షిస్తే మెగ్నీషియం, సల్ఫేటు తక్కువ కనిపిస్తాయి. దీనికి మందు ఒక్కటే. నమూనా తీసిన గట్టు మీదే 100 మిల్లీలీటర్లు కొలిచి, డిస్టిల్డ్ వాటరు పోసి లీటరు చేయాలి. ఎంత పలుచన చేశామో, బామే ఎంత, నీటి వేడి ఎంత, తేదీ ఏమిటో సీసా మీదే చెరగని సిరాతో రాయాలి. గాజు సీసా నుంచి బోరాన్ కలిసే ప్రమాదం ఉంది కనుక ప్లాస్టిక్ సీసా వాడాలి.

ఒక్కసారి పరీక్ష చేయిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఫిబ్రవరి నీరు వేరు, మే నెల నీరు వేరు. సీజను మొదట్లో, మధ్యలో, చివర్లో తీసిన నమూనాలు ఉంటేనే ఎవరితోనైనా ధర మాట్లాడగలరు.

## ఖనిజాలను వేరు చేయడం

ఏది ముందు తీయాలి, ఏది తర్వాత?

సముద్రపు చేదు నీటికి సాధారణంగా పాటించే వరస ఇది. ముందు బ్రోమిన్, ఎందుకంటే నీటి స్వభావం పెద్దగా మారకుండానే దాన్ని ఊడ్చివేయవచ్చు. తర్వాత నీటిని ఇంకా ఎండబెడితే మిగిలిన ఉప్పు, ఆపై పొటాషియం, మెగ్నీషియం కలగలిసిన మిశ్రమ లవణం పడతాయి. పొటాష్ ఆ మిశ్రమంలో దొరుకుతుంది. చివరికి మిగిలేది మెగ్నీషియం క్లోరైడు ద్రావణం. ముందే సున్నం కలిపి మెగ్నీషియం తీసేస్తే పొటాష్ దారి మూసుకుపోతుంది, నీరు పలుచనవుతుంది, కాల్షియం వచ్చి చేరుతుంది. కనుక ఏ సరుకు కావాలో తేల్చుకోకుండా మొదటి బస్తా సున్నం విప్పకూడదు.

సున్నం కలిపితే మెగ్నీషియం దిగుతుందని చదివాం. నిజంగా అంత సులువా?

రసాయన చర్య సులువే, వడకట్టడమే కష్టం. చేదు నీటిలో తడి సున్నం కలిపితే కాల్షియం నీటిలోకి వెళ్లి, మెగ్నీషియం హైడ్రాక్సైడు తెల్లగా విడిపోతుంది. ఘనపు మీటరులో 50 కిలోల మెగ్నీషియం ఉంటే సుమారు 150 కిలోల తడి సున్నం పడుతుంది, 120 కిలోల హైడ్రాక్సైడు రావాలి. గాజు జాడీలో చేసి చూడండి. సున్నం ఒక్కసారిగా గుమ్మరిస్తే జాడీ అంతా తోడుకున్న పెరుగులా నిలబడిపోతుంది. గంట గడిచినా పైన వేలెడు తేట కూడా రాదు. వడగుడ్డ మీద పోస్తే మొదటి గరిటెకే రంధ్రాలు పూడుకుపోతాయి.

మెల్లగా, బాగా కలుపుతూ సున్నం వేయాలి. పోయిన విడతలో దిగిన ముద్దలో కొంత భాగాన్ని కొత్త విడతలో విత్తనంగా కలిపితే రేణువులు పెద్దవై త్వరగా దిగుతాయి. ఇక సల్ఫేటు సంగతి. చేదు నీటిలో సల్ఫేటు ఉండగా సున్నం వేస్తే జిప్సం కూడా పడి సరుకులో కలిసిపోతుంది. స్వచ్ఛత కావాలంటే ముందు కాల్షియం క్లోరైడుతో సల్ఫేటును జిప్సంగా దించేయాలి. సోడా యాష్ (సోడియం కార్బొనేటు) కర్మాగారాల వ్యర్థ ద్రవంలో కాల్షియం క్లోరైడు ఉంటుంది. ఒక వ్యర్థంతో ఇంకొక వ్యర్థాన్ని శుద్ధి చేసే ఈ పద్ధతిని భావ్‌నగర్ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూపారు. కొలిమి ఇటుకలకు వాడే మెగ్నీషియా కావాలంటే బోరాన్ కూడా తగ్గించాలి, కడగడానికి మంచినీరు బాగా కావాలి. ఉప్పు మళ్ల దగ్గర మంచినీరే కరవు.

చేదు నీటి నుంచి పొటాష్ ఎరువు ఎలా వస్తుంది?

30 బామే డిగ్రీల చేదు నీటిని చెరువుల్లో ఇంకా ఎండబెడుతూ పోతే ముందు మిగిలిన ఉప్పు, మెగ్నీషియం సల్ఫేటు పడతాయి. మరింత చిక్కబడ్డాక కైనైట్ అనే మిశ్రమ లవణం పడుతుంది. దానిలో పొటాషియం క్లోరైడు, మెగ్నీషియం సల్ఫేటు కలిసి ఉంటాయి. దాన్ని విడిగా ఎత్తి, నీటితో తగిన పాళ్లలో కలిపితే షోనైట్ అనే మరో లవణంగా మారుతుంది. షోనైట్‌ను పొటాషియం క్లోరైడుతో కలిపి శుద్ధి చేస్తే పొటాషియం సల్ఫేటు వస్తుంది.

మన దేశానికి కావలసిన పొటాష్ దాదాపు అంతా దిగుమతే. పొటాషియం సల్ఫేటులో క్లోరైడు ఉండదు కాబట్టి దానికి గిరాకీ ఇంకా ప్రత్యేకం. ప్రకాశం, ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాల పొగాకు రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. క్లోరైడు ఎక్కువైతే ఆకు సరిగా కాలదు, నాణ్యత పడిపోతుంది.

గుజరాత్‌లో అవుతున్నది మన తీరంలో ఎందుకు కావడం లేదు?

పెద్ద కారణం గాలిలో తేమ. దీన్ని అర్థం చేసుకోకుండా వేసిన ప్రాజెక్టు రిపోర్టులు కాగితం మీదే బాగుంటాయి. ఉప్పుతో నిండిన నీరు ఎండాలంటే గాలిలో తేమ 75 శాతానికి లోపు ఉండాలి. మెగ్నీషియం క్లోరైడు పూర్తిగా నిండిన నీరు ఎండాలంటే తేమ 33 శాతానికి దిగువకు రావాలి. చిక్కబడేకొద్దీ ఈ గీత 75 నుంచి 33 వైపు జారుతూ ఉంటుంది. కోస్తాలో వేసవి పగళ్లలో కూడా తేమ అంత కిందికి దిగే గంటలు తక్కువ. రాత్రి సముద్రపు గాలికి చేదు నీరు ఎండకపోగా తేమను పీల్చుకుని పలుచనవుతుంది. పగలు పోయిన నీరు రాత్రికి తిరిగి వచ్చేస్తుంది. కచ్ రణ్‌లో పొడి ఎడారి గాలి, వేల ఎకరాల చదును నేల, అడుగున గాఢమైన భూగర్భ ఉప్పునీరు కలిసొచ్చాయి.

పరిమాణం రెండో కారణం. దేశపు ఉప్పులో మూడొంతులకు పైగా గుజరాత్‌దే. మన దగ్గర అయిదు, పది ఎకరాల కమతాలు. ఒక్కొక్కరి దగ్గర మిగిలే చేదు నీరు ఒక ప్లాంటుకు చాలదు. అలాగని మనకేమీ లేదని కాదు. కైనైట్ దాకా ఎండబెట్టే దారి మనకు కష్టం. 30 బామే డిగ్రీల నీటితోనే మొదలయ్యే పనులు మనకు అనువు.

బ్రోమిన్‌కు మంచి ధర ఉందట. చిన్నగా మొదలుపెట్టవచ్చా?

వద్దు. నీటిని ఆమ్లంతో పుల్లబరచి, క్లోరిన్ పంపి, విడిపడిన బ్రోమిన్‌ను ఆవిరితోనో గాలితోనో బయటికి తోడటమే పద్ధతి. పుస్తకంలో మూడు వాక్యాలే. కానీ బ్రోమిన్ 59 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగే ముదురు ఎర్రని ద్రవం. మామూలు వేడికే పొగలు కక్కుతుంది, చర్మం మీద పడితే లోతుగా కాలుస్తుంది, పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దానితోపాటు క్లోరిన్ సిలిండర్లు. గాజు, టైటానియం, ప్రత్యేకమైన పూతలు తప్ప మామూలు ఉక్కు నిలవదు. శిక్షణ పొందిన సిబ్బంది, వాయువును కడిగే టవర్లు, అత్యవసర ఏర్పాట్లు ఉన్న పెద్ద ప్లాంటే చేయాల్సిన పని ఇది. షెడ్డు వేసి చేసే వ్యాపారం ఎంత మాత్రం కాదు.

ఆర్‌ఓ వదిలే నీటికి మెంబ్రేన్లతోనే ఖనిజాలు వేరు చేయవచ్చా?

కొంతవరకు చేయవచ్చు. నానోఫిల్ట్రేషన్ పొర సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియాలను ఆపి, సోడియం క్లోరైడును ఎక్కువగా పోనిస్తుంది. అంటే ఒకే దెబ్బకు రెండు ప్రవాహాలు వస్తాయి. ఎలక్ట్రోడయాలిసిస్‌లో విద్యుత్తుతో లాగి అయాన్లను పొరలగుండా నడిపిస్తారు. జపాన్ 1970ల మొదట్లోనే ఉప్పు మళ్లు వదిలేసి ఈ పద్ధతిలో సముద్రం నుంచి తినే ఉప్పు తీయడం మొదలుపెట్టింది.

చిక్కబరచడంలో మాత్రం ఖర్చు తప్పదు. ఘనపు మీటరు నీటిని నేరుగా మరిగించి ఆవిరి చేయడానికి సుమారు 630 యూనిట్లకు సమానమైన వేడి కావాలి. సముద్రపు నీటి ఆర్‌ఓకు ఘనపు మీటరుకు 3, 4 యూనిట్ల కరెంటు చాలు. పలుచని నీటి నుంచి ఖనిజం తీస్తామనే ప్రతి ప్రతిపాదనలోనూ ఈ తేడా ఎవరి జేబులోంచి వస్తుందో అడగాలి.

మా ఫార్మా ప్లాంటులో వ్యర్థజలాన్ని ఆవిరి చేసే యంత్రాల తర్వాత టన్నుల కొద్దీ ఉప్పు వస్తోంది. దాన్ని వాడుకోలేమా?

అన్ని రియాక్టర్ల నీటినీ ఒకే ట్యాంకులో కలిపేశాక వచ్చే ఉప్పు గోధుమ రంగులో, ద్రావకాల వాసనతో ఉంటుంది. సోడియం క్లోరైడు, సల్ఫేటు, అమ్మోనియం లవణాలు, సేంద్రియాలు అన్నీ అందులోనే. దాన్ని శుద్ధి చేసే ఖర్చు దాని విలువను మించిపోతుంది. అందుకే అది డుండిగల్, పరవాడ లాంటి చోట్లున్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు వెళ్లి భూమిలో పూడుతోంది.

కలపకముందే చేయగలిగినది చాలా ఉంది. ఏ ఉత్పత్తి ఏ దశలో ఏ లవణం వదులుతుందో రాసుకుంటే, మొత్తంలో కొద్ది ప్రవాహాలే ఎక్కువ ఉప్పు మోస్తున్నాయని సాధారణంగా తేలుతుంది. వాటికి వేరే పైపు, వేరే ట్యాంకు పెట్టాలి. బ్రోమైడు ఎక్కువున్న ప్రవాహాన్ని బ్రోమిన్ తిరిగి తీసేవారు కొంటారు. సముద్రపు చేదు నీటికన్నా అందులో బ్రోమైడు ఎన్నో రెట్లు ఉంటుంది. సల్ఫేటు శుభ్రంగా ఉన్న ప్రవాహాన్ని చల్లబరిస్తే 32 డిగ్రీల సెల్సియస్ దిగువన పది నీటి అణువులున్న సోడియం సల్ఫేటు స్ఫటికాలు పడతాయి, క్లోరైడు నీటిలోనే ఉండిపోతుంది. ఈ ఉప్పు ఎంత తెల్లగా వచ్చినా తిండికి, పశువుల దాణాకు పోనివ్వకూడదు. ఈ విషయంలో రాజీ లేదు.

అద్దకం యూనిట్లలో ఉప్పు తిరిగి వాడటం నిజంగా జరుగుతోందా?

జరుగుతోంది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకం యూనిట్లను మూయించాక, చుక్క నీరు బయటికి వదలకూడదన్న షరతు మీద ఉమ్మడి శుద్ధి కేంద్రాలు తమ పద్ధతి మార్చుకున్నాయి. రంగు తీసేసిన ఉప్పునీటిని, సోడియం సల్ఫేటును తిరిగి అద్దకం తొట్లకే పంపుతున్నాయి. అద్దకానికి ఎలాగూ ఉప్పునీరే కావాలి కాబట్టి, చివరి చుక్క దాకా ఎండబెట్టాల్సిన అవసరం తప్పింది. నాకు తెలిసినంతలో మన దేశంలో ఈ రంగంలో అందరూ వెళ్లి చూడవలసిన చోటు ఇదే.

## అమ్మకం, ఆదాయం

పదెకరాల ఉప్పు రైతుకు ఇందులో ఏమైనా మిగులుతుందా?

ఒంటరిగా అయితే చాలా కష్టం. నలుగురైదుగురి చేదు నీరు ఒకే చెరువులోకి చేరి, 30 బామే డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే అప్పుడు కొనేవారితో మాట్లాడవచ్చు. ఖనిజాన్ని విడదీయకుండా, నీటిని నీటిగానే వాడే చోటు వెతకమని నా సలహా. క్షారగుణం ఎక్కువున్న అద్దకం వ్యర్థజలంలో చేదు నీరు కలిపితే మెగ్నీషియం హైడ్రాక్సైడు అక్కడికక్కడే ఏర్పడి రంగును పట్టుకుని దిగుతుంది. అమ్మోనియా, ఫాస్ఫేటు ఉన్న వ్యర్థజలంలో కలిపితే ఆ రెండూ మెగ్నీషియంతో కలిసి స్ట్రువైట్ అనే ఎరువు స్ఫటికాలుగా దిగుతాయి. రెంటికీ స్వచ్ఛత అక్కర్లేదు. తారు వేయని దారుల మీద దుమ్ము అణచడానికి మెగ్నీషియం క్లోరైడు ద్రావణం చల్లడం చాలా దేశాల్లో ఉన్నదే. ఇనుమును తింటుంది కాబట్టి యంత్రాల దగ్గర చల్లకూడదు. రవాణా ఒక్కటే ఇక్కడ అసలు ఖర్చు. ట్యాంకరులో మూడొంతులు నీళ్లే మోస్తున్నామన్నది మరిచిపోకూడదు.

చేదు నీటి నుంచి ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేటు) తీసి పత్తి రైతులకు అమ్మవచ్చా?

ఆకులు ఎర్రబారే పత్తికి లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి చల్లమని చెప్పడం మన రైతులకు తెలిసిందే. కనుక గిరాకీ ఉంది. చలి రాత్రుల్లో చేదు నీటి నుంచి ఈ స్ఫటికాలు వాటంతట అవే పడతాయి. కానీ మన తీరంలో చలి తక్కువ, రాబడి కొద్ది. పడిన స్ఫటికాలకు ఉప్పు అంటుకుని ఉంటుంది. దాన్ని కడగకుండా పొలంలో చల్లితే ఆకులు మాడతాయి. మళ్లీ కరిగించి, వడకట్టి, చల్లబరిచి రెండోసారి స్ఫటికాలు తీయాలి. ఎరువుగా అమ్మాలంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రమాణాలు అందుకోవాలి, లైసెన్సు కావాలి. బజారులో దొరికేదానిలో చాలావరకు మాగ్నసైట్ రాయిని గంధకామ్లంతో కరిగించి చేసినదే. దాని ధరతో పోటీ పడగలరా లేదా అన్నది ముందే చూసుకోండి.

లాభనష్టాల లెక్క ఎలా వేయాలి?

నీటిలో ఎంత ఖనిజం ఉందో దాన్ని బజారు ధరతో గుణించి లాభం అనుకోవడం అందరూ చేసే పొరపాటు. అమ్ముడుపోయే స్వచ్ఛతలో ఎంత చేతికి వస్తుందో దాన్నే గుణించాలి. అందులోంచి సున్నం, ఆమ్లం, కరెంటు, కడిగే నీరు, లారీ కిరాయి, చివరి వ్యర్థాన్ని వదిలించుకునే ఖర్చు తీసేయాలి. ఉప్పు సీజను ఏడాదిలో ఆరు నెలలకు మించదు కనుక మిగతా కాలం యంత్రాలు ఖాళీగా ఉంటాయన్నది కూడా లెక్కలోకి రావాలి. ఇప్పుడు వ్యర్థం వదిలించుకోవడానికి డబ్బు కడుతున్న ఫార్మా ప్లాంటుకు ఆ మిగులే మొదటి ఆదాయం. ఉప్పు రైతుకు అలాంటి మిగులు లేదు. అందుకే ఒకే పద్ధతి ఒకరికి గిట్టుబాటై ఇంకొకరికి కాకపోవచ్చు.

## అనుమతులు, జాగ్రత్తలు, మిగిలేవి

ఏ అనుమతులు కావాలి?

ఎండతో ఉప్పు పండించడానికి తీరప్రాంత నియమాల్లో వెసులుబాటు ఉంది. అదే మడి పక్కన రసాయన ప్లాంటు పెడితే ఆ వెసులుబాటు వర్తిస్తుందనుకోకూడదు. తీరప్రాంత నియంత్రణ పరిధి ముందు తేల్చుకోవాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు ఒకటి, నడపడానికి ఒకటి అనుమతి తీసుకోవాలి. ఫార్మా వ్యర్థ లవణాన్ని వేరొకరు ముడిసరుకుగా వాడుకోవాలంటే 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లోని 9వ నియమం కింద అనుమతి ఉండాలి. పంపేవారికీ తీసుకునేవారికీ ఇద్దరికీ బాధ్యత ఉంటుంది.

చేదు నీటిని కాలువలోకి వదిలితే నష్టమేమిటి? సముద్రం నుంచి వచ్చిందే కదా?

సముద్రం నుంచే వచ్చింది, కానీ పాళ్లు మారిపోయి వచ్చింది. సోడియం పాలు తగ్గి, మెగ్నీషియం ముప్పై నలభై రెట్లు పెరిగిన నీరది. బరువు ఎక్కువ కాబట్టి పైనీటితో కలవకుండా కాలువ అడుగున పరుచుకుంటుంది. రొయ్య పిల్లలు, నత్తలు, చేపగుడ్లు ఉండేది ఆ అడుగునే. తప్పనిసరై వదలాల్సి వస్తే కొద్దికొద్దిగా, బాగా పలుచన చేసి వదలాలి. పక్కన రొయ్యల చెరువులకు నీరు తోడే మోటార్లు నడుస్తున్న వేళ అసలు వదలకూడదు.

వదిలే బదులు దాన్ని మళ్లీ నిల్వ చెరువులో కలిపేస్తే ఇంకొంచెం ఉప్పు రాదా?

మొదటిసారి కొంచెం వస్తుంది. తర్వాత మడిలో మెగ్నీషియం పేరుకుపోయి స్ఫటికాలు చిన్నవవుతాయి, ఉప్పు తడారదు, బస్తాలు చెమ్మగిల్లుతాయి, ధర పడిపోతుంది. 29, 30 బామే డిగ్రీల దగ్గర నీరు తీసేయాలన్న పెద్దల అలవాటుకు కారణం ఇదే.

మా ఊరి ఆర్‌ఓ ప్లాంటు వదిలే నీటిలో తీయదగిన ఖనిజాలుంటాయా?

ఉండవు. బోరు నీటిలో ఉన్నవే రెండు మూడింతలై ఉంటాయి, అవీ గ్రాముల్లోనే. నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడు ప్రాంతాల్లో ఆ నీటిలో ఫ్లోరైడు, నైట్రేటు పెరిగి ఉంటాయి. పశువులకు తాగించకండి, బావి దగ్గర ఇంకనివ్వకండి. నేల కడగడానికి, మరుగుదొడ్లకు వాడుకోవచ్చు.

అన్నీ తీశాక చివరికి మిగిలే ద్రవాన్ని ఏమి చేయాలి?

పొటాష్ దారిలో వెళ్తే చివరికి మిగిలేది మెగ్నీషియం క్లోరైడు. దాన్ని ఇంకా మరిగించి పలుకులుగా గడ్డకట్టించి అమ్ముతారు. ఖారాఘోడాలో జరిగేది అదే. సున్నం దారిలో వెళ్తే మిగిలేది కాల్షియం క్లోరైడు, ఉప్పు కలిసిన నీరు. దీన్ని పారబోయకుండా తర్వాతి విడత చేదు నీటిలో కలిపితే అందులోని సల్ఫేటు జిప్సంగా దిగిపోతుంది. బయట నుంచి కాల్షియం క్లోరైడు కొనే పని తప్పుతుంది. సల్ఫేటు తీయడానికి కావలసిన దానికన్నా ఇది మూడు నాలుగింతలు మిగులుతుంది కాబట్టి ఆ మిగులుకు అడుగున ప్లాస్టిక్ షీటు పరిచిన చెరువు ముందే తవ్వి ఉంచుకోవాలి. ఊరి మంచినీటి బావులకు దూరంగా, వాగు ఏ వైపు పారుతుందో చూసుకుని ఆ చెరువుకు చోటు ఎంచుకోండి. వానాకాలం పొంగిపోకుండా గట్టు ఎత్తు పెంచండి.